అమ్మానాన్నలకి ఫోన్ కొనిచ్చారు సరే, హైదరాబాద్ దారి సెట్ చేసిచ్చారా?

పోయిన వేసవిలో మా నాయన ఆళ్లగడ్డ నుంచి హైదరాబాద్ వెళ్లొచ్చాడు. పంజాగుట్ట దగ్గర ఒక ఆసుపత్రిలో చెకప్, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే చుట్టాల ఇంటికి, మళ్లీ అక్కడి నుంచి బస్టాండ్‌కి. అంతే. సిటీలో ఎక్కిన ఆటోలు మూడు. అయిన ఖర్చు వెయ్యి రూపాయలు.

ఆయన జేబులో ఉన్న ఫోన్ నేను కొనిచ్చిందే. నంద్యాలలో కూర్చుని వారం రోజులు స్పెసిఫికేషన్లు పోల్చి, ఐదు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసి మరీ తీసుకున్నది. 5జీ ఉంది, బ్యాటరీ బాగుంది, స్క్రీన్ పెద్దది. ఇంత మంచి ఫోన్ పెట్టుకుని తెల్లవారుజామున నాలుగున్నరకి ఎంజీబీఎస్ బయట నిలబడి, "పంజాగుట్టనా? నాలుగొందలు ఇయ్యి పెద్దాయనా" అంటే ఇచ్చేసి ఎక్కాడు.

"ఎందుకిచ్చినావు నాయనా, ఫోన్ ఉంది కదా?" అనడిగా.

"అడిగినంత ఇచ్చినాలేరా. ఆ చీకట్లో యాడ బేరమాడేది? నీ ఫోన్‌లో ఏడ నొక్కాల్నో నాకేం తెలుసు?"

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. నెల తర్వాత మళ్లీ చెకప్ ఉంటే ఈసారి నేనూ వెంట వెళ్లాను. అవే మూడు ప్రయాణాలు, ఇద్దరు మనుషులం. మెట్రోకి ఇద్దరికీ కలిపి అయింది రెండున్నర వందల లోపే. అంటే మనిషి డబుల్ అయినా ఖర్చు నాలుగో వంతుకి వచ్చింది. కొత్తగా ఏ యాప్ కొనలేదు, ఏ కూపన్ కోడ్ వాడలేదు. రెండుసార్లకీ తేడా ఒక్కటే: రెండోసారి ఏం చేయాలో ఆళ్లగడ్డలో బస్సెక్కకముందే మాకు తెలుసు.

ఈ ఆర్టికల్‌లో నేను చెప్పాలనుకుంటున్నది అదే. సిటీలో డబ్బు ఆదా చేసేది ఏ యాప్‌లో రేటు తక్కువ అన్నది కాదు. ఊళ్లో ఉన్నప్పుడే, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే తీసుకునే నాలుగు నిర్ణయాలు. మనలాంటి టెక్ పిచ్చోళ్లం ఇంట్లోవాళ్లకి ఫోన్ సెలెక్ట్ చేసి పెట్టడంతో మన పని అయిపోయిందనుకుంటున్నాం. అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఆదా మొదలయ్యేది బస్ టికెట్ దగ్గర

ఆళ్లగడ్డకి రైల్వే స్టేషన్ లేదు. రైలు కావాలంటే నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నంద్యాలకి రావాలి. అందుకే మన వైపు ఎక్కువమందికి హైదరాబాద్ అంటే రాత్రి బస్సే. నంద్యాల, కర్నూలు, జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా తెల్లారేసరికి సిటీలో దింపుతుంది.

టికెట్ బుక్ చేసేటప్పుడు మనం చూసేది రేటు, సీటు, టైమ్. డ్రాపింగ్ పాయింట్ ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ సిటీలో మీ ఖర్చు ఎంతో తేల్చేది అదే. ఎంజీబీఎస్ దాకా వెళ్లే బస్సులున్నాయి. లక్డీకాపూల్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్ వైపు వెళ్లేవి కూడా ఉన్నాయి. మీరు వెళ్లాల్సింది కూకట్‌పల్లి అయితే, యాభై రూపాయలు తక్కువని ఎంజీబీఎస్ బస్సెక్కి, దిగాక ఆటోకి నాలుగొందలు ఇచ్చారనుకోండి. మిగిలిందెంత?

కర్నూలు వైపు నుంచి వచ్చే బస్సులు ఎక్కువగా సిటీలోకి ఆరాంఘర్ మీదుగా వస్తాయి. మెహిదీపట్నం, టోలిచౌకి వైపు పనున్నవాళ్లు ఎంజీబీఎస్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావడం దండగ. ఆరాంఘర్‌లో దిగితే అత్తాపూర్ మీదుగా మెహిదీపట్నానికి సిటీ బస్సులున్నాయి. మ్యాప్‌లో ఒక్కసారి చూస్తే తెలిసిపోయే విషయం ఇది. కాకపోతే చూడాల్సింది టికెట్ కొనేముందు, దిగాక కాదు.

నాలుగున్నరకి దిగితే ఆరు దాకా ఆగండి

రాత్రి బస్సుల్లో వచ్చేవాళ్లకి పెద్ద దెబ్బ ఎక్కడ పడుతుందంటే, దిగిన మొదటి గంటలో. నిద్రమత్తు, చీకటి, చేతిలో సంచులు, ఫోన్‌లో పదిహేను శాతం ఛార్జింగ్. సిటీ బస్సులు అప్పుడే ఒకటీ అరా మొదలవుతుంటాయి. మెట్రో ఆరింటికి గానీ తెరవదు. ఆ టైమ్‌లో మీ ముందు కనిపించేది ఆటో ఒక్కటే. అది ఆటో అన్నకి కూడా తెలుసు.

మా నాయనకి డాక్టర్ ఇచ్చిన టైమ్ పదకొండు గంటలు. నాలుగొందలిచ్చి ఐదింటికల్లా ఆసుపత్రి ముందు కూర్చుని ఆయన సాధించిందేంటి? రెండోసారి మేం చేసింది ఇదే: బస్టాండ్‌లోనే కూర్చున్నాం. మొహం కడుక్కుని టీ తాగాం. ఫోన్‌కి పవర్‌బ్యాంక్ పెట్టాం. ఆరింటికి నడుచుకుంటూ పక్కనే ఉన్న ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌కి వెళ్లాం. గంటన్నర ఓపిక పడితే మూడొందల పైన మిగిలింది.

ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్ సంగతి మన ఊళ్లలో చాలామందికి తెలియదు. హైదరాబాద్ మెట్రోలో రెడ్ లైన్, గ్రీన్ లైన్ కలిసే చోటు అదే. 2017 నవంబర్‌లో మొదలైన మెట్రో ఇప్పుడు మూడు లైన్లలో దాదాపు 69 కిలోమీటర్లు తిరుగుతోంది. ఎంజీబీఎస్‌లో దిగినవాళ్లకి అది ఎలా పనికొస్తుందో చూడండి.

రెడ్ లైన్‌లో మియాపూర్ వైపు ఎక్కితే నాంపల్లి, లక్డీకాపూల్, ఖైరతాబాద్, ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట, కూకట్‌పల్లి వరుసగా వస్తాయి. నిమ్స్‌కి వెళ్లేవాళ్లు ఎర్రమంజిల్‌లోనో పంజాగుట్టలోనో దిగొచ్చు. కోచింగ్ కోసం వచ్చే పిల్లలకి అమీర్‌పేట నేరుగా ఉంది. అదే లైన్‌లో ఎల్బీ నగర్ వైపు ఎక్కితే నాలుగో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్.

గ్రీన్ లైన్ ఎక్కితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటాక గాంధీ హాస్పిటల్ అనే పేరుతోనే స్టేషన్ ఉంది. చివరి స్టేషన్ జేబీఎస్.

హైటెక్ సిటీ, రాయదుర్గం ఇంటర్వ్యూలకి వచ్చేవాళ్లు రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ బ్లూ లైన్‌కి మారాలి. స్టేషన్ బయటకి రానక్కర్లేదు, టికెట్ ఒకటే.

ఛార్జీల విషయానికొస్తే 2025 మే నెలలో పెంచారు. పెంచిన వారానికే పది శాతం తగ్గించారు. ఆ లెక్కన కనీసం 11 రూపాయలు, ఎంత దూరం వెళ్లినా గరిష్ఠంగా 69. ఎంజీబీఎస్ నుంచి పంజాగుట్ట ప్రాంతానికి నలభై లోపే అవుతుంది. టికెట్ వాట్సాప్‌లో తీసుకోవచ్చు, మెట్రోవాళ్ల సొంత టీ-సవారీ యాప్‌లో తీసుకోవచ్చు. ఇవేవీ రాకపోతే కౌంటర్‌లో స్టేషన్ పేరు చెప్పి నగదు ఇచ్చినా చాలు.

నలుగురుంటే లెక్క మారుతుంది

"మెట్రోనే ఎప్పుడూ చీప్" అని మాత్రం అనుకోకండి. మెట్రో తలకింత తీసుకుంటుంది, ఆటో బండికింత తీసుకుంటుంది. ఒక్కరైతే మెట్రో, బస్సుకి తిరుగే లేదు. ఇద్దరైనా దాదాపు అంతే. ముగ్గురో నలుగురో ఉంటే కాలిక్యులేటర్ తీయాల్సిందే.

హైదరాబాద్‌లో ఆటో మీటర్ ఛార్జీ 2014లో ఖరారు చేసిన ప్రకారం మొదటి 1.6 కిలోమీటర్లకి 20 రూపాయలు, ఆపైన కిలోమీటర్‌కి 11 రూపాయలు. ఈ లెక్కన ఎనిమిది కిలోమీటర్లకి తొంభై రూపాయలు అవ్వాలి. ఆ రేటుకి ఇవాళ ఎవరూ రారు. నిజం చెప్పాలంటే, అన్నేళ్ల కిందటి రేటుకి ఈనాటి ఇంధనం పోయించుకుని నడపమని అడగడం కూడా న్యాయం కాదు. అందుకని తొంభై ఇస్తానని గొడవపడమని నేను చెప్పట్లేదు. కానీ నాలుగొందలు అడిగినప్పుడు అసలు లెక్క ఎంతో తెలిస్తే, నూట యాభై రెండొందల మధ్య ఎక్కడో బేరం తెగుతుంది. లెక్క తెలియకపోతే నాలుగొందలు మూడు యాభై అయితే అదే గొప్ప అనుకుని ఎక్కేస్తాం.

అలాగే, కొడుకు కోసమో కూతురి కోసమో నంద్యాల సోనా బియ్యం పాతిక కిలోల మూటతో వస్తారు చూడండి, వాళ్లకి మెట్రో మెట్లు చూపించి "ఆదా చేయండి" అనడం పాపం. వాళ్లు ఆటో ఎక్కాల్సిందే. అలాంటప్పుడు ఊరి నుంచి పిల్లలే యాప్‌లో ఆటో బుక్ చేసివ్వాలి. ఎలాగో కింద చెప్తాను.

ఫ్రీ బస్సు: ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. అది తెలంగాణ అడ్రస్ ఉన్నవాళ్లకి మాత్రమే. నంద్యాల జిల్లా ఆధార్ చూపిస్తే కండక్టర్ టికెట్ కొట్టాల్సిందే. మన అమ్మలు, అక్కలు "ఫ్రీ కదా" అని డబ్బు తీయకుండా కూర్చుని, తర్వాత అందరి ముందూ ఇబ్బంది పడటం నేను చూశాను. ముందే చెప్పి పంపండి.

మన వైపు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం ఉంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఏపీ గుర్తింపు కార్డు ఉన్న మహిళలకి టికెట్ లేదు. అయితే అది రాష్ట్రం లోపలే. ఆళ్లగడ్డ నుంచి హైదరాబాద్ వెళ్లే అంతర్రాష్ట్ర బస్సుకి వర్తించదు. పగటిపూట ఓపికుంటే ఎక్స్‌ప్రెస్‌లో కర్నూలు దాకా ఉచితంగా వచ్చి, అక్కడి నుంచి హైదరాబాద్ బస్సెక్కొచ్చు. ఒంట్లో బాలేనివాళ్లకి, పెద్దవాళ్లకి మాత్రం ఈ మార్పిడి వద్దు. కొంచెం డబ్బు కోసం బస్సులు మారి మారి నీరసపడితే లాభం లేదు.

ఒకే రోజులో సిటీలో నాలుగైదు చోట్ల పనుంటే టీజీఎస్ఆర్టీసీ వాళ్ల టి-24 టికెట్ అడగండి. ఒక్కసారి తీసుకుంటే 24 గంటలు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఎన్నిసార్లైనా ఎక్కి దిగొచ్చు. కండక్టర్ దగ్గరే దొరుకుతుంది. రెండు బస్సులెక్కే పని అయితే మామూలు టికెట్లే మేలు. నాలుగు దాటుతుంటే ఇది మేలు. బస్సు ఎక్కడుందో చూడటానికి టీజీఎస్ఆర్టీసీ గమ్యం యాప్ ఉంది. మన ఏపీఎస్ఆర్టీసీకి లైవ్ ట్రాక్ యాప్ ఉంది. రెండూ ఊళ్లోనే ఇన్‌స్టాల్ చేసుకోండి.

ఇక అందరూ మర్చిపోయేది ఎంఎంటీఎస్. 2003 నుంచి నడుస్తున్న ఈ లోకల్ రైళ్లు కాచిగూడ, సికింద్రాబాద్, బేగంపేట, హైటెక్ సిటీ, లింగంపల్లి లాంటి చోట్లని కలుపుతాయి. టికెట్ ఐదు రూపాయల నుంచే ఉంటుంది. నంద్యాలలో రైలెక్కి కాచిగూడలోనో సికింద్రాబాద్‌లోనో దిగేవాళ్లకి ఇంతకంటే చవక దారి సిటీలో ఇంకోటి లేదు. ఒకటే చిక్కు: మెట్రోలా ఐదు నిమిషాలకొకటి రాదు. టైమ్ చూసుకోకుండా స్టేషన్‌కి వెళ్తే గంట కూర్చోవాల్సి రావచ్చు.

క్యాబ్ యాప్‌లు: రెండు ఫోన్లు పక్కన పెట్టి చూస్తే

మన సైట్ రీడర్స్ తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఐఫోన్‌లో బుక్ చేస్తే రేటు ఎక్కువ చూపిస్తుందా?" ఇది కేవలం మీమ్ కాదు. 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఈ ఆరోపణ మీదే ఓలా, ఊబర్‌లకి నోటీసులిచ్చింది. ఫోన్ మోడల్ చూసి రేటు మార్చడం లేదని ఆ కంపెనీలు చెప్పాయి. అదే ఏడాది మే నెలలో, బండి రాకముందే టిప్ ఇవ్వమని అడిగే "అడ్వాన్స్ టిప్" పద్ధతి మీద ఊబర్‌కి ఇంకో నోటీసు వెళ్లింది.

ఎవరు కరెక్ట్ అన్నది పక్కన పెడితే, మన చేతిలో ఉన్న పని సింపుల్. ఊబర్, ఓలా, ర్యాపిడో, మన యాత్రి లాంటి వాటిలో కనీసం రెండు ఫోన్‌లో ఉంచుకుని, ఒకే దూరానికి రెండింట్లో రేటు చూడండి. ఎక్కువ చూపిస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. టిప్ బటన్ ముందే నొక్కకండి, అది మీ ఇష్టం మాత్రమే. కేంద్రం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డిమాండ్ ఉన్నప్పుడు బేస్ ఛార్జీకి రెండింతల దాకా తీసుకోవచ్చు. అంతకుముందు ఆ పరిమితి ఒకటిన్నర రెట్లే. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. అంటే తెల్లవారుజామున, వాన పడినప్పుడు, ఆఫీసులు వదిలే టైమ్‌లో యాప్ ఉన్నా సరే జేబుకి చిల్లే. ఆ టైమ్‌లు తప్పించుకోవడమే అసలు డిస్కౌంట్.

ఒంటరిగా, సామాను లేకుండా వెళ్లే కుర్రాళ్లకి మెట్రో స్టేషన్ నుంచి చివరి రెండు మూడు కిలోమీటర్లకి బైక్ ట్యాక్సీ బాగా కలిసొస్తుంది. ఊరు మొత్తం దాని మీదే తిరగాలనుకుంటే మాత్రం బస్సు కంటే చాలా ఎక్కువే అవుతుంది. పెద్ద దూరం మెట్రోలో, చిన్న దూరం బైక్ మీద. ఈ కాంబినేషన్ గుర్తుపెట్టుకోండి.

ఇంతకీ ఫోన్‌లో ఏం ఉండాలి?

రివ్యూల్లో మనం కెమెరాకి సగం పేజీ ఇస్తాం. కొత్త ఊళ్లో తిరిగేవాడికి పనికొచ్చేవి వేరే ఉన్నాయి.

మొదటిది బ్యాటరీ. రాత్రి బస్సులో సినిమా చూస్తూ వస్తే తెల్లారేసరికి ఏ ఫోనైనా ఎర్రగీతలోకి వస్తుంది. సీటు దగ్గర ఛార్జింగ్ పాయింట్ ఉంటుందని నమ్ముకోవద్దు. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ ఒకటి సంచిలో ఉంటే అది రెండు మూడు ఆటో ప్రయాణాల్లోనే తన డబ్బు తాను సంపాదించుకుంటుంది. ఫోన్ ఆగిపోయినవాడికి అన్ని దార్లూ మూసుకుపోయి ఆటో ఒక్కటే మిగులుతుంది.

రెండోది ఎండలో కనిపించే స్క్రీన్. నంద్యాల ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం బస్టాప్‌లో నిలబడి మ్యాప్ కనిపించకపోతే ఆ ఫోన్ ఉన్నా లేనట్టే. అమ్మానాన్నల ఫోన్‌లో ఆటో బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలామంది బ్యాటరీ కోసం ఆఫ్ చేసి ఉంచుతారు.

మూడోది ఆఫ్‌లైన్ మ్యాప్. గూగుల్ మ్యాప్స్‌లో హైదరాబాద్ మొత్తాన్ని ఇంటి వైఫైలోనే డౌన్‌లోడ్ చేసి పెట్టొచ్చు. జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు కాబట్టి సిగ్నల్ లేకపోయినా మీరెక్కడున్నారో చూపిస్తుంది. అయితే ఒక మెలిక ఉంది. ఆఫ్‌లైన్‌లో డ్రైవింగ్ దారి మాత్రమే వస్తుంది. బస్సు, మెట్రో వివరాలు, నడిచే దారి రావు. అందుకే వెళ్లేముందే ట్రాన్సిట్ రూట్ వెతికి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాత పద్ధతే, ఎప్పుడూ ఫెయిల్ కాదు.

ఈ మూడూ పది పన్నెండు వేల ఫోన్‌లో కూడా దొరుకుతాయి. సిటీలో తిరగడానికి ఫోన్ అప్‌గ్రేడ్ చేయాల్సిన పనే లేదు. గ్యాడ్జెట్ సైట్‌లో ఈ మాట రాయకూడదేమో గానీ, నిజం నిజమే.

ఒక గంట కూర్చోండి చాలు

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. మీకు ఇవన్నీ తెలుసు. మీరు ఏ సిటీకెళ్లినా, అది బెంగళూరైనా చెన్నైయైనా, అరగంటలో దారి పట్టేస్తారు. మోసపోయేది మీరు కాదు. మీరు ఫోన్ కొనిచ్చిన అమ్మ, నాయన, అత్త, మామ. సిటీలో ఎవరికి దారి బాగా తెలుసో వాళ్లకి తక్కువ ఖర్చవుతోంది. ఎవరు ఆసుపత్రి కోసం అప్పు చేసి వచ్చారో వాళ్లకే ఎక్కువవుతోంది. ఈ తలకిందుల లెక్కని సరిచేయడానికి ప్రభుత్వమో యాప్ కంపెనీయో వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ ఇంటి వరకు మీరు ఒక గంటలో సరిచేయొచ్చు.

వాళ్లు వెళ్లే ముందు రోజు పక్కన కూర్చోండి. ఫోన్ మీరు లాక్కుని మీరే చేసేయకండి, వాళ్ల వేలితోనే నొక్కించండి. గూగుల్ మ్యాప్స్ భాష తెలుగులోకి మార్చండి. వెళ్లాల్సిన ఆసుపత్రి, చుట్టాల ఇల్లు, తిరిగి బస్సెక్కే చోటు, ఈ మూడూ మ్యాప్‌లో సేవ్ చేయండి. రూట్ స్క్రీన్‌షాట్లు గ్యాలరీలో కాకుండా మీ వాట్సాప్ చాట్‌లో పంపండి, వాళ్లు వెతికేది అక్కడే. దిగాల్సిన స్టేషన్ పేరు కాగితం మీద తెలుగులో రాసి జేబులో పెట్టండి. మెట్రోలో తెలుగులోనూ అనౌన్స్‌మెంట్ వస్తుంది కాబట్టి పేరు గుర్తుంటే చాలు. పది, ఇరవై నోట్లు కొన్ని విడిగా ఇవ్వండి. యూపీఐ లైట్ సెట్ చేసి అందులో మూడు నాలుగొందలు వేసి ఉంచితే చిన్న చెల్లింపులకి పిన్ గుర్తుచేసుకునే పని ఉండదు.

వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకి ఆన్ చేయించండి. నంద్యాలలో కూర్చుని కూడా వాళ్లు ఎక్కడున్నారో మీకు కనిపిస్తుంది. ఎక్కడైనా చిక్కుకుంటే వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయడం నేర్పండి. వాళ్ల స్క్రీన్ చూస్తూ "ఆ పచ్చ బటన్ నొక్కు నాయనా" అని చెప్పొచ్చు. కానీ ఒక్క హెచ్చరిక తప్పకుండా చేయండి: ఇంట్లోవాళ్లకి తప్ప ఇంకెవరికీ, బ్యాంకు నుంచి అన్నా, కస్టమర్ కేర్ అన్నా, స్క్రీన్ షేర్ చేయకూడదు. చాలా మోసాలు అక్కడే జరుగుతున్నాయి.

బియ్యం మూటలతో వెళ్లేవాళ్లకి మీరే బండి పిలవండి. ఊబర్‌లో వేరేవాళ్ల కోసం బుక్ చేసే ఆప్షన్ ఉంది. పికప్ ఎంజీబీఎస్ పెట్టి, మీ నాయన నంబర్ ఇచ్చి, డబ్బు మీరే ఆన్‌లైన్‌లో కట్టేస్తే ఆయన బండి నంబర్ చూసి ఎక్కడమే. బేరం ఉండదు, చిల్లర గొడవ ఉండదు.

"ఏడొందల ఎనిమిదొందల కోసం ఇంత హడావిడా?" అని మీలో కొందరు అనొచ్చు. మనకి అది ఒక ఫోన్ కేస్, ఒక టెంపర్డ్ గ్లాస్. మా నాయనకి అది ఒక నెల మందుల్లో సగం. పైగా డబ్బొక్కటే కాదు. మొదటిసారి వెళ్లొచ్చాక ఆయన "ఇంకోసారి ఒక్కన్నే పోను" అన్నాడు. రెండోసారి మెట్రోలో కిటికీ పక్కన నిలబడి స్టేషన్ పేర్లు చదువుకుంటూ వచ్చాడు. మూడో చెకప్‌కి నేను రానవసరం లేదన్నాడు.

మొన్న వెళ్లొచ్చాడు, ఒక్కడే. ఆరు గంటల ఐదు నిమిషాలకి ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. టికెట్ ఫోటో. కొంచెం షేక్ అయింది, ఫోకస్ కూడా సరిగా లేదు. ఆ ఫోన్ కెమెరాకి నా రివ్యూలో మార్కులు తగ్గించాలి గానీ, ఆ ఫోటో మాత్రం దాచుకున్నాను.

మీ ఇంట్లోంచి వచ్చే నెలలో ఎవరైనా హైదరాబాద్ వెళ్తున్నారా? అయితే ఈ ఆదివారం ఒక గంట వాళ్లకివ్వండి.